బ్రహ్మయ్యగారు క్రేనెక్కిన రోజు

ఎనభయ్యొక్కేళ్ళ బ్రహ్మయ్యగారు నోరు విప్పితే అమెరికాలోని అరోరా ఊరి తెలుగువాళ్ళకి రెండోసారి టీ పెట్టాల్సిందే. ఆ శనివారం మధ్యాహ్నం మాత్రం వరండాలో వినేవాళ్ళు ముగ్గురే. మనవరాలు నైనిక, పక్కింటి దామోదర్, గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న భార్య వసంతలక్ష్మి.

నైనిక ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డింగ్ ఆన్ చేసింది. పాత ఫ్యాక్టరీల్లో ఆడా మగా ఎవరెవరు ఏ పనులు చేసేవారో, వాళ్ళ నోటితోనే చెప్పించి ఊరి లైబ్రరీలో పెడుతున్నారట.

"తాతా, ఇనుము పోతపోసే ఆ ఫౌండ్రీలో నీ జాబ్ ఏంటి?"

"పేరుకి టైమాఫీసు క్లర్కునమ్మా. వచ్చేపోయేవాళ్ళ కార్డులు చూడ్డం. కానీ డెబ్బై ఒకటిలో, జనవరిలో, ఓ మంగళవారం క్రేన్ డ్రైవర్ రాలేదు. 'ఓ అరగంట పైన కూర్చోవయ్యా బ్రహ్మా' అని ఫోర్‌మన్ నన్ను బతిమాలాడు. సరే కదాని ఎక్కాను. అరవై అడుగుల నిచ్చెన. పైనుంచి చూస్తే కింద మనుషుల టోపీలు పెసరగింజలంత."

"లైసెన్స్ అక్కర్లేదా అంకుల్?" అన్నాడు దామోదర్.

"ఆ రోజుల్లో లైసెన్సేమిటోయ్, గుండె ఉంటే చాలు! ఇంతకీ లాడిల్ అంటే ఏమిటనుకున్నావు? పెళ్ళిళ్ళలో సాంబారు గంగాళం లేదూ, అలాంటివి యాభై కలిపినంత. దాన్నిండా కరిగిన ఇనుము, పది టన్నులు. ఒక్కసారి చూశావా, కళ్ళు మూసుకున్నా రెప్పల లోపల ఎర్రగా మండుతూనే ఉంటుంది. దాన్ని క్రేన్‌కి తగిలించి అచ్చుల దగ్గరికి మోసుకెళ్ళాలి. సరిగ్గా దాని కింద పదకొండు మంది ఇసుక సర్దుతున్నారు. అప్పుడు వినిపించింది, కిర్ర్‌మని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

అడగడమైతే అడిగారు గానీ, ఆ చప్పుడు తన నోట్లోంచి వచ్చేసరికి బ్రహ్మయ్యగారి మెడ వెనక చెమట పట్టింది. ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి ఇంతే. ఇక్కడ ఆగితే అది నిజంగానే మళ్ళీ వినిపిస్తుందని భయం. అందుకే ఆగకుండా కథని పరిగెత్తించేవారు.

"బ్రేకు జారింది! లీవరు లాగితే లీవరే ఊడి చేతికొచ్చింది. ఇంకొకడైతే దిగి పారిపోయేవాడు. నేను దూలం మీదికి పాకి, గొలుసు ఒంటిచేత్తో పట్టుకున్నా. పది టన్నులు! చెయ్యి సాగిందంటే సాగింది, ఆ ఏడాదంతా కుడిచేతికి పొడుగు చొక్కాలు కుట్టించుకున్నాను."

"మరి ఇంకో చెయ్యి?" నైనిక నవ్వు ఆపుకుంటోంది.

"చెమట తుడుచుకోవద్దూ? అందుకని గొలుసు పళ్ళతో కూడా పట్టా. ఆ వేడికి నా బూట్లు రెండూ కరిగి చుక్కలు చుక్కలుగా కారిపోయాయి. బయట ఫాక్స్ నది సలసలా కాగి, చేపలు ఉడికి పైకి తేలితే ఊరు ఊరంతా ఆదివారం దాకా అవే తిన్నారు. పక్కూరు నేపర్‌విల్‌లో మంచు కరిగి గులాబీలు పూశాయి! ఇక లాభం లేదని లాడిల్ మీదికి వంగి, కాఫీ ఊదినట్టు ఉఫ్‌మని ఊదాను. మూడు ఊదులకి ఇనుము గడ్డకట్టింది."

"గొలుసు పళ్ళ మధ్య ఉండగానా అంకుల్?"

"పళ్ళ సందుల్లోంచి ఊదానోయ్!"

దామోదర్ పడీ పడీ నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "ఏమైనా అంకుల్, అంత డేంజర్ పనికి కింద అలారం బెల్ ఉండేది కాదా? ఆ పదకొండు మందిని అలర్ట్ చేయడానికి?"

బ్రహ్మయ్యగారు తాగుతున్న కప్పు బల్ల మీద పెట్టేశారు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.

"ఉండేది. అదీ... నేనే కొట్టాను. పైనుంచి గురిచూసి బూటు విసిరాను."

"బూట్లు కరిగిపోయాయన్నావు కదా తాతా."

"అంటే... అంతకుముందే..."

"ఇక చాలు, ఆపండి," అంది వసంతలక్ష్మి. గొంతు పెంచలేదు. "చేపలంటే నవ్వాను, గులాబీలంటే నవ్వాను. గంట మాత్రం కొట్టాననకండి."

ఆమె నైనిక వైపు తిరిగింది.

"ఆ రోజు క్రేన్ మీద ఉన్నది మార్గరెట్ అనే ఆవిడ. రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు వెళ్ళిపోయినప్పుడు ఎక్కింది, మళ్ళీ దిగలేదు. నేనూ అక్కడే ఆడవాళ్ళతో కూర్చుని ఇసుక అచ్చులు చేసేదాన్ని. బ్రేకు జారింది నిజం. కింద గంట మోగితే మనుషులు తప్పుకుంటారు, అప్పుడు లాడిల్ దించొచ్చు. మోగలేదు. లాడిల్ పడిపోకుండా ఆవిడ, పైకి తన్నుకొచ్చే వేడిలో, కాలిపోతున్న లీవరు పట్టుకుని నాలుగు నిమిషాలు ఉంది. చివరికి ఎవరో తలెత్తి చూసి అరిస్తే అందరూ తప్పుకున్నారు. ఒక్కడికీ దెబ్బ తగల్లేదు. ఆవిడ అరచేతుల చర్మం మాత్రం లీవరుకే ఉండిపోయింది. మళ్ళీ క్రేన్ ఎక్కలేదు."

"గంట ఎవరు కొట్టాలి నానమ్మా?"

వసంతలక్ష్మి ఇంకో చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది.

"నేనే," అన్నారు బ్రహ్మయ్యగారు. ఆ గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "టైమాఫీసు గుమ్మం పక్కనే ఉండేది. తాడు పట్టుకున్నాను కూడా. లాగాలని తెలుసు. చెయ్యి నాది కానట్టు అయిపోయింది. కళ్ళు మూసుకున్నాను, నైనీ. గంట చెడిపోయిందేమో అనుకున్నారంతా. నేను కాదనలేదు."

ఆయన భార్య వైపు తిరిగారు.

"నీకెలా తెలుసు?"

"ఆసుపత్రికి చారు పట్టుకెళ్ళాను కదా, మార్గరెట్టే చెప్పింది. పైనుంచి అన్నీ కనిపిస్తాయి కదండీ."

"మరి ఆవిడ ఫోర్‌మన్‌కి చెప్పలేదే?"

"'కుర్రాడు, బెదిరిపోయాడు. మొదటిసారి నేనూ వణికాను' అంది. మీ అంతట మీరే చెబుతారు, అడగొద్దంది. అడగలేదు."

యాభై నాలుగేళ్ళు. తను కోతలు కోసిన ప్రతి వరండాలోనూ ఈమె పక్కనే కూర్చుంది.

నైనిక ఫోన్ అందుకుంది. "తాతా, డిలీట్ చేసేయనా?"

"వద్దమ్మా. అలాగే ఇచ్చెయ్." ఆయన కప్పు పక్కకి జరిపారు. "మార్గరెట్ బతికుందా, లక్ష్మీ?"

"ఎనిమిదేళ్ళయింది పోయి. కూతురుంది, ఇక్కడే పక్కన బటేవియాలో. క్రిస్మస్‌కి మాట్లాడతాను."

"ఫోన్ కలుపు."

"ఇప్పుడా?"

"రేపైతే నాకు ధైర్యం చాలదు."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని నంబరు నొక్కి ఇచ్చింది. నాలుగు రింగుల తర్వాత అవతల ఎవరో "హలో" అన్నారు. "అమ్మా," అన్నారు బ్రహ్మయ్యగారు ముందు తెలుగులోనే. తర్వాత ఇంగ్లీషులో తన పేరు చెప్పి, గంట సంగతి మొదలుపెట్టారు.