నొప్పి లేని కాలు

కుట్టుపని మీద బతికే అక్క మిషను పక్కనే చాప మీద వెల్లకిలా పడుకుని, మడమను నేల మీద మెల్లగా జరుపుతూ మోకాలు మడుస్తోంది. తమ్ముడు గడపలో నిలబడి చూస్తున్నాడు.

"భలే మడుస్తున్నావే అక్కా!"

"మరేమనుకున్నావ్? రోజూ చేస్తున్నా."

"బాగానే ఉంది. నీ తుంటి నొప్పి కుడివైపు కదా?"

"అవును."

"మరి ఎడమ కాలికెందుకీ కసరత్తు? తలనొప్పికి మోకాలికి మందు రాసినట్టుంది నీ యవ్వారం."

"నవ్వకురా. ఇదైతే చెప్పిన మాట వింటుంది."

"అది వినదా?"

"అడగడానికే భయంరా. అది కదలదని తేలిపోతే ఇంక మిషను తొక్కేదెట్లా? అడక్కపోతే ఆశైనా ఉంటుంది."

తమ్ముడు పక్కన కూర్చుని, తువ్వాలు మడిచి ఆమె కుడి మడమ కింద పెట్టాడు.

"లాగుతావేమో!"

"నేను ముట్టుకోను. నువ్వే జరుపు. నొప్పెడితే అక్కడే ఆపెయ్."

ఆమె పళ్లు బిగబట్టింది. మడమ బెత్తెడు జరిగి ఆగిపోయింది.

"చూశావా, ఇంతేరా."

"మిషను పెడలు ఇంతకన్నా ఎక్కువ కదులుతుందా అక్కా?"

ఆమె తల తిప్పి పెడలు వైపు చాలాసేపు చూసింది.

"కాస్త జరగరా," అంది, "మళ్లీ చేస్తాను."