వెయ్యిన్నొకటో నంబరు

అబ్బ, మళ్ళీ అదే మాటా అక్కా? ఆఫీసులో ఎలాగూ అంటున్నారు. కట్టుకున్నదానివి నువ్వు కూడా ఆయనే చెరిపేశాడేమో అంటే బావ ఎక్కడికి పోతాడు చెప్పు?

ముందు ఆ కాఫీ గిన్నె దించి ఇలా కూర్చో.

బావ ఫోల్డర్లో ఉన్న ఆస్పత్రి స్కాన్లు నెల రోజులవి పోయాయి, నిజమే. చెరిపింది బావ అని రికార్డులో ఉంది, అదీ నిజమే. సస్పెండ్ చేశారు, సోమవారం విచారణలో ఉద్యోగమే పీకేస్తారు. కానీ ఆ రికార్డు రాసే మిషనుకి పేర్లు పట్టవక్కా, నంబర్లే. బావ నంబరు వెయ్యిన్నొకటి.

మా ఆఫీసు ప్రోగ్రాములన్నీ కంటెయినర్లలో నడుస్తాయి. ఏం లేదు, ఒకే ఇంట్లో తలుపులేసుకున్న గదులనుకో. ఏ గదిలో యూజర్ల పట్టీ ఆ గదిదే. లోపల ఏ పేరున్నా బయటికొస్తే మిగిలేది నంబరే. పక్కపక్కనున్న రెండు లాండ్రీలు ఒకే నంబరు చీటీ కట్టాయనుకో, నీ దుప్పటి ఇంకొకళ్ళింటికి పోదూ?

వారం దాటిన తన ఫైళ్ళు చెరిపే ప్రోగ్రాము ఒకటుంది, దాని గదిలోంచి అందరి ఫోల్డర్లకీ దారుంది. గది లోపల దానికీ వెయ్యిన్నొకటే పడింది. ఇంకేం, బావ ఫోల్డరంతా తన సొత్తే అనుకుని ఊడ్చిపారేసింది.

అసలు ఏడాది నుంచి మొత్తుకుంటున్నాను, ప్రతి ప్రోగ్రామునీ రూట్‌గా నడపకండి, ఇంటి తాళాలన్నీ దాని చేతికివ్వకండి అని. వింటేగా! చివరికి మేనేజరు ఒప్పుకున్నాడు. ఒక్కోదానికీ విడిగా మామూలు యూజర్ని పెట్టడం జరిగింది. పెట్టేటప్పుడు నంబరు మనమే చూసి ఇవ్వాలా, వద్దా? ఇవ్వలేదు. వరసలో సిస్టమ్ ఏదిస్తే అదే ఉంచేశారు.

ఎవరు పెట్టారా? ఎవరో... అలా చూడకక్కా.

నేనే.

స్కాన్లు పోయిన రెండో రోజే తెలిసింది నాకు. ఆ పని చూసే కదా నన్ను టీముకి పెద్దని చేశారు, నోరు పెగల్లేదు. విచారణ చేసేవాళ్ళే కనిపెడతారులే అనుకున్నాను. వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుసు. తొమ్మిది రోజులుగా బావ పడగ్గది దాటి రావట్లేదు. నేనేమో రోజూ వచ్చి నీకు ధైర్యం చెప్పి, నీ చేతి కాఫీ తాగి పోతున్నాను.

మేనేజరుకి ఇందాకే మెయిలు పెట్టేశాను. నా ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. బావకి మాత్రం నువ్వే చెప్తావా?

సరే. నీకెందుకులే ఆ పని. ఇవాళ నాకు కాఫీ పెట్టకు. బావ గది తలుపు నేనే కొడతాను.