కిటికీ దగ్గర పొయ్యి

మధ్యాహ్నం రద్దీ తగ్గిన ఒక చిన్న హోటలు వంటగది. పొయ్యి దగ్గర యజమాని, గిన్నెల దగ్గర అతని భార్య, గుమ్మంలో పేపరు ఆఫీసు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు.

“...అదే రాయమంటున్నాను, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ వద్దు. తను వండింది తనే తినడు అని. రేపటి పేపర్లో రావాలి.”

“పొద్దున ఫోన్లో అన్నది ఆయన గురించేనా బావా?”

“ఇంకెవర్రా, ఎదురు హోటలు వాడే. పొద్దున్నించీ ఎవరి గురించి మాట్లాడుతున్నాను?”

“పొద్దున్నించీ ఏమిటండీ, ఆ హోటలు తెరిచినప్పట్నించీ ఆయన గురించే. తమ్ముడూ, లోపలికొచ్చి కూర్చో. ఏమైనా తిన్నావా?”

“తిన్నానక్కా.”

“ఎక్కడ తిన్నావు?”

“ఎక్కడేమిటి బావా... దార్లో.”

“దార్లో అంటే? వీధికి అటువైపా, ఇటువైపా?”

“పేపరు పనిమీద వెళ్ళాను. కూర్చోమన్నారు. కాదంటే బావుండదని...”

“చూశావుటే? నీ తమ్ముడు కూడా అక్కడే. మీ పేపరు పనులన్నీ అక్కడేరా. ఆదివారం సగం పేజీ వేశారు. వీధికే వెలుగుట. ఫొటోలో వాడి పక్కన కౌన్సిలరు పళ్ళికిలిస్తూ. ఆ కౌన్సిలరు గెలవకముందు నా మూల బల్ల దగ్గర కూర్చుని, చల్లారిన టీ తాగుతూ, ఏ సందులో ఎన్ని ఓట్లో గొణుక్కునేవాడు. ఇప్పుడు కారు వాడి గుమ్మం ముందు ఆగుతుంది. ఇటు తలైనా తిప్పడు.”

“తిప్పాడు. మొన్న తిప్పాడు, నేను చూశాను.”

“వెనక బండివాడు హారను కొడితే తిప్పాడే. దానికే మురిసిపోకు. ఇప్పుడు వాడికి వర్తకుల సంఘం అధ్యక్ష పదవి కావాలిట. నాకు పోటీగా. ఎల్లుండే ఎన్నిక. వాడు గెలిచాడా, బస్టాపు వాడి గుమ్మం ముందుకి మారిపోతుంది. బస్సు దిగినవాడు దిగినట్టు అక్కడికే. మనం ఈగలు తోలుకోవాలి.”

“ఎవరి అదృష్టం వాళ్ళది. ఊరికే కళ్ళల్లో నిప్పులు పోసుకుంటే...”

“పోసుకుంటాను. నా కళ్ళు, నా నిప్పులు. నేనీ వీధికి వండి పెడుతూ జుట్టు నెరిసింది. వాడు నిన్న గాక మొన్న వచ్చి నాలుగు రంగు దీపాలు తగిలించాడు. అవును, నాకు కుళ్ళే. దాచుకోను.”

“దాచుకుంటే దాగుతుందా? అందుకేగా పొయ్యి కిటికీ దగ్గరికి జరిపించారు. ఆయన గుమ్మంలోకి ఎవరెళ్తున్నారో చూస్తూ వండటం. ఇవాళ కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.”

“ఒక్కసారే వేశాను.”

“కౌన్సిలరు కారు ఆగినప్పుడు ఒకసారి, ఆయన కారు దిగినప్పుడు ఒకసారి. బట్టల కొట్టాయన చెంబుడు నీళ్ళు తాగి లేచి వెళ్ళాడు.”

“సరే, పడిందే అనుకో. దానికీ వాడే కారణం. ఏమిటది, క్యారియరు సర్దేస్తున్నావా?”

“డాక్టరు గారిదండీ. రోజూ వెళ్ళేదేగా.”

“అదీ మనిషంటే. కంటి డాక్టరు గారు. ఊరంతా ఎగబడి అటు పోతున్నా ఒక్కపూట మానలేదు. గిన్నెలు కడిగినట్టు ఖాళీగా తిరిగొస్తాయి. అబ్బాయ్, ఆయన పేరు కూడా రాసుకో. డాక్టరంతటివాడు మెచ్చిన వంట అని.”

“ఆయన పేరెందుకండీ. పెద్దవాళ్ళని ఇలాంటివాటిలోకి లాగకండి.”

“నువ్వెందుకు ఉలిక్కిపడతావే?”

“నాకేం ఉలుకు. మూత జారింది.”

“సరే. నా ముక్క రాసుకున్నావా అబ్బాయ్?”

“రాసే ముందు నిజమో కాదో కనుక్కోవాలి కదా బావా. నువ్వు పొద్దున ఫోన్లో చెప్పినప్పట్నించీ అదే ఆలోచన. అందుకే ఇందాక అక్కడికి వెళ్ళాను. ఆయన్నే అడిగేశాను.”

“వాణ్ణే అడిగావా? కొట్టడానికొచ్చాడా?”

“లేదు. నిజమే అన్నాడు.”

“ఏది నిజం?”

“తన హోటల్లో ముద్ద ముట్టడట.”

“ఒరేయ్, నేను ఊరికే అన్నాన్రా. ఎవరూ చెప్పలేదు నాకు, నోటికొచ్చింది అనేశాను. నిజమేనా? విన్నావుటే? ఇంకేం, పెద్దక్షరాల్లో వెయ్యి.”

“వేస్తే మొత్తం వెయ్యాలి బావా. మరెక్కడ తింటాడో కూడా.”

“తమ్ముడూ, మజ్జిగ తాగుతావా?”

“మజ్జిగ తర్వాత. ఎక్కడ తింటాడ్రా? ఇంట్లోనా?”

“ఇంట్లో ఎవరున్నారు, ఒక్కడే మనిషి.”

“మరెక్కడ?”

“అక్కా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“మధ్యలో అక్కెందుకు? ఏమే, నీకు తెలుసా? వాడితో నీకెప్పట్నించి మాటలు?”

“మాటలేమీ లేవు. పెరటి గుమ్మం దాకా వస్తాడు, తీసుకెళ్తాడు.”

“ఏం తీసుకెళ్తాడు? నీ చేతిలోది డాక్టరు గారి క్యారియరేగా?”

“కంటి డాక్టరు ఊరొదిలి రెండేళ్ళయింది. బోర్డు కూడా పీకేశారు. కిటికీలోంచి ఎదురుగా తప్ప, పక్కకి మీరెప్పుడు చూశారు గనక.”

“రెండేళ్ళు. నాతో ఒక్కమాట చెప్పకుండా.”

“చెప్పొద్దని బతిమాలాడు. తెలిస్తే మీరు పెట్టరేమోనని భయం.”

“భయమా? వాడికి, నేనంటే?”

“నాతోనూ అదే అన్నాడు బావా. జనానికి నచ్చేది నేను వండుతాను, నాకు నచ్చేది మీ బావ వండుతాడు, రాస్తే రాసుకో, కానీ ఎల్లుండి ఎన్నిక సంగతి ఎలా ఉన్నా రేపు నాకు అన్నం ఉండదు అన్నాడు. ఏం చెయ్యమంటావు? పెద్దక్షరాల్లో వెయ్యమంటావా?”

“ఏమండీ. పాపం పెరట్లోకి వచ్చేసి ఉంటాడు. ఇవ్వమంటారా, వద్దా?”

“ఇవ్వకు. మూత తీసి ఆ కూర పారబొయ్యి.”

“కోపం మనిషి మీద చూపించండి, అన్నం మీద ఎందుకు?”

“కోపమేమిటే. ఉప్పు రెండుసార్లు పడిందని నువ్వేగా అన్నావు. మళ్ళీ వండుతున్నాను. మూల బల్ల ఖాళీగానే ఉంది, లోపలికొచ్చి కూర్చోమను ఆయన్ని.”