తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు

"చెప్పుకునేంత పెద్ద సంగతేం కాదులే కళావతక్కా. ఒక బటన్ రంగు మార్చినా, అంతే. దాంతో ఒక తల్లి ప్రాణం నిలబడింది. టీలో చక్కెర కొంచెం తగ్గించు."

అట్ల మొదలుపెట్టినాడు జయచంద్ర. హిందూపురం బస్టాండు పక్క సందులో కళావతి టీ కొట్టు. సాయంత్రం. జయచంద్రకు ఆ సందులోనే మిద్దె మీద చిన్న ఆఫీసు. అంగళ్ళకు, కల్యాణ మండపాలకు వెబ్‌సైట్లు చేసి పెడతాడు. ఆయన కోతలు సందంతా ఎరిగినవే. అయినా బటన్‌కూ ప్రాణానికీ ఏం సంబంధమని రామాంజి గ్లాసు పట్టుకొని దగ్గరికి జరిగినాడు. రామాంజి పట్టుగూళ్ళ మార్కెట్టులో పనిచేస్తాడు. బెంచీ చివర ఆటో నడిపే ఆశీర్వాదం టీలో బన్ను ముంచుకొని తింటా ఉన్నాడు.

"రామాంజీ, నీకు అర్థమయ్యేటట్టు చెప్తా ఇను. మేం చేసిన సైట్లన్నీ ఒకే సిస్టమ్‌లో ఉంటాయి. ధర్మవరంలో రామమూర్తి శెట్టి పట్టుచీరల అంగడి, పెనుకొండలో కల్యాణ మండపం, మడకశిరలో ఎరువుల డిపో, రక్తం ఇచ్చేవాళ్ళ సంఘం, అన్నీ ఒక చూరు కిందే. అక్షరం ఎంత లావుండాల, బటన్ ఏ రంగులో ఉండాల, ఇదంతా స్టైల్ ఫైల్లో రాస్తాం. దాంట్లో రెండు రకాలుండాయి. అన్ని సైట్లకూ కలిపి ఒక కామన్ ఫైలు. దాని మీద ఒక్కో సైటుకు ఒక సొంత ఫైలు. మగ్గం చూసింటావు గదా? ఒకే పడుగు మీద నాలుగైదు చీరలు దిగుతాయి, కొంగు మాత్రం ఏ చీరది ఆ చీరకే. అట్ల."

"పడుగు చెడితే?" అన్నాడు రామాంజి.

"చీరలన్నీ చెడతాయి. ఆ పొద్దు జరిగింది అదే. రామమూర్తి శెట్టి పెళ్ళిళ్ళ సీజన్ వస్తాందని ఫోన్ చేసి, 'జయచంద్రా, నా చీరల ఫోటోల మీద మీ నీలం బటన్లు దిష్టిబొమ్మల మాదిరి ఉండాయప్పా, వాటికి రంగే వద్దు, అద్దం మాదిరి ఉండాల, వెనక చీర కనపడాల, మీద అక్షరాలు మల్లెపూల మాదిరి తెల్లగుండాల' అనె. సరే అంటి. ఆ మార్పు శెట్టి సొంత ఫైల్లో పడాల్సింది, ఎట్లనో ఏమో కామన్ ఫైల్లో పడె."

"ఎట్లనో అంటే? ఎవరో ఒకరు రాయాల గదా?"

"ఆఫీసన్నాక గాలి వస్తాది, కరెంటు పోతాది, ఎన్నో జరుగుతాయి. నడుమ అడ్డం రావాకు రామాంజీ. చీరల సైటు పెళ్ళికూతురు మాదిరి మెరిసిపోతాంది. మేమంతా అదే చూసుకుంటా మురిసిపోతాండాం. రక్తం సంఘం సైటును ఎవురూ చూడలా. దానికి వెనక చీరా లేదు, ఫోటో లేదు, వట్టి తెల్ల పేజీ. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు. 'రక్తం కావాలా, ఇక్కడ నొక్కండి' అనే బటన్ ఉండాది, గాని మనిషి కంటికి లేదు. నొక్కితే పనిచేస్తాది, యాడ నొక్కాల్నో ఎవురికీ తెలీదు."

కళావతి గరిట తిప్పడం ఆపింది.

"నేనేమో పెనుకొండలో ఉండా. కల్యాణ మండపం సైటుకు ఫోటోలు తీయాలని పోయింటి. మిట్టమధ్యాన్నం. ఫోన్ మోగె. పవిత్ర. మా ఆఫీసులో నా కింద పనిచేసే అమ్మాయి. 'అన్నా, బుక్కపట్నం నుంచి వెంకటరాముడని ఒకాయప్ప, భార్యకు ధర్మవరం ఆస్పత్రిలో కాన్పు అయ్యింది, బిడ్డ పుట్టినాక రగతం ఆగలేదంట, పోతానే ఉండాదంట. ఓ నెగెటివ్ కావాల, ఆడ లేదంట. మన సైటు తెరిస్తే ఏం కనపడలేదు, తెల్లగా ఉండాది అంటాడు' అనె. ఇంగో మాట చెప్పబోతాంది, కట్ అయిపోయె."

"అయ్యో దేవుడా," అంది కళావతి. "మళ్ళా చేయలేదా?"

"ఎట్ల చేయాలక్కా? సిగ్నల్ లేదు. మండపంలో ఉండే పెళ్ళిజనమంతా ఒకటేతూరి వీడియోలు పంపిస్తాంటే నాకు సిగ్నల్ యాడ మిగుల్తాది? ల్యాప్‌టాప్ హిందూపురంలో ఉండాది. కామన్ ఫైలు పాస్‌వర్డు నా ఒక్కని తావే ఉండాది. ఆడ ఆయమ్మ ముఖం పాలిపోతాంది, నర్సు బయటికొచ్చి 'దొరికిందా, దొరికిందా' అని అడుగుతాంది, ఆయప్ప వరండాలో ఫోన్ పట్టుకొని తెరుస్తాండాడు, మూస్తాండాడు. ఇదంతా నా కండ్ల ముందర ఆడతాంది. ఏం చేయాల? తలెత్తి చూస్తి. ఎదురుగా పెనుకొండ కొండ!"

"ఎక్కినావా?"

"ఎక్కడమా? దోవ పట్టుకొని పోతే ఆలస్యమని బండల మీద నిట్టనిలువునా పోయినా. చెప్పులు జారితే ఇడిసేసినా. బండ కాలితే కాలనీ అని అరికాళ్ళను పట్టించుకోలా. నన్ను చూసి మేకలు సిగ్గుపడి కొండ దిగిపోయినాయి."

రామాంజి నవ్వినాడు. "నగొద్దు రామాంజీ," అని కసిరింది కళావతి. "ఆయమ్మ సంగతి చెప్పనీ."

"కొనకు చేరితి. సిగ్నల్ వచ్చె. ఫోన్లోనే కామన్ ఫైలు తెరిస్తి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎండ! ఏం ఎండప్పా అది, స్క్రీను మీద ఒక్క అక్షరం కనపడదు. చూడకుండా రాద్దామంటే అది కామన్ ఫైలు. ఒక్క చుక్క తప్పు పడితే శెట్టి చీరలు, ఎరువుల డిపో, మండపం, అన్నీ ఒకటేతూరి కూలబడతాయి. నీడ కావాల. చుట్టూ చూస్తే చెట్టు లేదు, చేమ లేదు. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు నా వెనక నుంచి స్క్రీను మీద నీడ పడె."

"మబ్బా?"

"ఎలుగుబంటి."

రామాంజి నోట్లో టీ పొలమారింది.

"వెనక కాళ్ళ మీద నిలబడుకొని ఉండాది. దాని ఊపిరి నా మెడకు తగుల్తాంది, ఎండుచేపల కంపు. ఇంగొకడైతే పరిగెత్తి సచ్చేవాడు. నేను వెనక్కి తిరగనన్నా తిరగలా. 'కదలాకు, ఈడ ఒక ప్రాణం మీదికొచ్చింది' అంటి. నిలబడె! దాని నీడలో పాత రంగు వెనక్కి తెచ్చినా, శెట్టి అద్దం బటన్లను శెట్టి సొంత ఫైలుకు పంపినా. రక్తం బటన్‌కు ఎరుపు పెట్టినా. మామూలు ఎరుపు కాదు. సేవ్ కొడదామని వేలు ఎత్తినా. ఫోన్ కండ్లు మూస్తాంది. చార్జింగ్ అయిపాయె!"

"ఇంగేం, అంతా పాయె గదా," అంది కళావతి. స్టవ్వు మీద పాలు పొంగబోతుంటే చూడకుండానే మంట తగ్గించింది.

"పోనిస్తానా అక్కా? దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అతుక్కుంటాయి గదా? అదీ కరెంటే. మనిషి జుట్టుకే అంతుంటే ఎలుగుబంటి బొచ్చుకు ఎంతుండాల? ఫోన్ తీసుకొని దాని పొట్ట మీద బరాబరా రుద్దినా. దానికి చక్కిలిగింతలు, నాకు ప్రాణసంకటం. ఫోన్‌కు నిండా చార్జింగ్ ఎక్కె! సేవ్ కొట్టినా."

"అమ్మయ్య."

"ఏం అమ్మయ్య? అయిపోయిందనుకుంటివా? ఈ ఫోన్లకు ఒక దొంగబుద్ధి ఉండాది. ఒకతూరి చూసిన స్టైల్ ఫైలును లోపల దాచిపెట్టుకుంటాయి. మనం కొత్తది పెట్టినా అవి పాతదే తీసి చూపిస్తాయి. లోకమంతా బటన్ ఎర్రగయ్యింది, ఆ వెంకటరాముడి ఫోన్లో మాత్రం ఇంకా తెల్లగానే ఉండాది! ఆయప్ప మళ్ళా తెరుస్తాండాడు, మళ్ళా తెల్లగానే. లోపల ఆయమ్మ కండ్లు మూతలు పడతాండాయి. నేనే పోయి ఆ ఫోన్ చేత్తో పట్టుకొని పాతదాన్ని తుడిచేయాల. వేరే దోవ లేదు. ధర్మవరం పోవాల."

ఇప్పుడు రామాంజి కూడా నవ్వలేదు. "పెనుకొండ కొండ మీద నుంచి ధర్మవరానికా?"

"కింద రైలు పోతాంది. పెనుకొండలో ఆగని రైలు. నేను దిగలా, దొర్లినా. పట్టాల పక్కన నిలబడుకొని, సంఘం సైటు తెరిచి ఫోన్ పైకెత్తినా. నేను పెట్టిన ఎరుపు ఎట్లాంటిదనుకుంటివి? డ్రైవరు మూడు మలుపుల అవతల నుంచే చూసి బ్రేకు ఏసె! ఎక్కినా. రైల్లో కుచ్చోలా, నిలబడుకోలా, ముందుకు పరిగెత్తతానే ఉండా, రైలు కంటే బిరీన చేరాలని. నాకంటే ముందు నా ఎరుపు పోయి చేరె. ఆ బటన్ వెలుగు ఆస్పత్రి గోడలకు కొడతాంది, వెంకటరాముడి ఫోన్లో ఉండే పాత ఫైలు దానంతటదే బెదిరి పారిపాయె. ఆయప్ప నొక్కినాడు. ఒక్క నొక్కు!"

"రక్తం దొరికిందా?" అంది కళావతి.

"దొరకడమా? నేను ధర్మవరం స్టేషన్లో దిగితే జనం! ఆస్పత్రి గేటు కాడ మొదలైన లైను బుక్కపట్నం చెరువు కట్ట దాకా పోయింది. మడకశిర వాళ్ళు లారీలు కట్టించుకొని వచ్చి 'రక్త బేకా, రక్తం కావాల్నా' అని కన్నడంలో, తెలుగులో కేకలు. తలుపుల ఊరి నుంచి ఓ నెగెటివ్ లేనోళ్ళు కూడా వచ్చి, 'ఈ పొద్దుకు మాది ఓ నెగెటివ్ అనుకోండి' అని చేతులు చాపుతాండారు. పట్టేదానికి సంచులు చాలక బిందెలు తెచ్చినారు. ఇంగో మాట చెప్తే నమ్మరు. చెరువు కాడ దోమలు లేసి, లైన్లో నిలబడుకొని, తాగిందంతా తిరిగిచ్చి పోయినాయి!"

జయచంద్ర గ్లాసు ఎత్తి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, అందరి ముఖాలూ చూసినాడు.

ఆశీర్వాదం బన్ను ముక్క చివరిది నోట్లో వేసుకొని, చేతులు దులుపుకున్నాడు.

"ఆ పొద్దు ఆడ లైనేం లేదు జయచంద్రా. నేనొకన్నే ఉన్నింది."

"నువ్వా?"

"నాది ఓ నెగెటివే. ధర్మవరానికి బాడుగ పోయింటి. పవిత్రమ్మ ఫోన్ చేసె. 'అన్నా, ఆస్పత్రికి పోతావా' అనె. పోయినా. సూది గుచ్చేటప్పుడు ఆ వెంకటరాముడు నా కాళ్ళ కాడ కుచ్చోని ఉండె. నా చెప్పు పట్టుకొని ఉండె, ఇడవనే ఇడవలా."

కళావతి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూసినారా!" అని లేచినాడు జయచంద్ర. "నా ఎర్ర బటన్ నొక్కితేనే గదా నీ దాకా వచ్చింది!"

"ఎవురూ నొక్కలేదప్పా. బటన్ కనపడక, ఆయప్ప పేజీ అడుగున ఉండే మీ ఆఫీసు నంబరుకు చేసినాడు. పవిత్రమ్మ ఎత్తింది. ఆమె తెలిసిన వాళ్ళకంతా ఒకరెనక ఒకరికి ఫోన్లు చేసుకుంటా వచ్చి నన్ను పట్టింది. నన్ను పంపినాక కుచ్చోని సైటు సంగతి చూసిందంట. కామన్ ఫైలు పాస్‌వర్డు నీ తావుండె గదా, దాని జోలికి పోకుండా, ఆ సంఘం సైటుకు ఉండే సొంత ఫైల్లో ఎర్ర బటన్ అని ఒక మాట రాసేసిందంట. కామన్ ఫైలు ఏం చెప్పినా, సొంత ఫైలు మాటే నెగ్గుతాదంట."

"అంత సులభమా?" అన్నాడు రామాంజి, జయచంద్ర వైపు చూస్తూ.

జయచంద్ర ఆ చూపు పట్టించుకోలేదు. "అదంతా సరే ఆశీర్వాదం. ఆమె ఈడ రాసేటప్పుడు నేను ఆడ కొండ మీద..."

"ఆయమ్మ ఎట్లుండాది?" అని మధ్యలో అడిగింది కళావతి. ఆమె మనసు ఇంకా ఆ ఆస్పత్రి వరండాలోనే ఉంది.

"బాగుండాదక్కా. ఆడబిడ్డ. పోయిన వారం మందులకు వచ్చింటే ఆటోలో ఎక్కించుకున్నా. బిడ్డ ఊరికే ఏడుస్తాది, గొంతు మాత్రం మైకు సెట్టు."

కళావతి కండ్లు తుడుచుకొని నవ్వింది. పాలు మళ్ళీ పొంగుకొస్తుంటే ఈసారి గిన్నె దించింది.

ఆశీర్వాదం లేచి ఆటో తాళం జేబులో నుంచి తీసినాడు. రెండడుగులు వేసి ఆగినాడు. "నేను కూడా అడిగినా పవిత్రమ్మను. 'జయచంద్రన్న యాడమ్మా, పాస్‌వర్డు చెప్పమంటే చెప్పడా' అని. 'మళ్ళా ఫోన్లో దొరికినాడన్నా, పెనుకొండలో పెళ్ళి బంతిలో కుచ్చున్నాడు, మారు పాయసం వడ్డిస్తాండారు, చేయి ఎంగిలిగా ఉండాది, కడుక్కున్నాక చేస్తానన్యాడు' అనె."

రామాంజి నవ్వలేదు. కళావతి నవ్వలేదు. ఇద్దరూ జయచంద్ర దిక్కే చూస్తున్నారు. ఆయన ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టినాడు.

"పాయసం కాదు," అన్నాడు. "నెయ్యి పోసిన ఓళిగలు."