సంబంధం అడిగి ఊరు చూసినోడు

ఏంది బిడ్డా, పొద్దుగాలకెల్లి ఆ ఫోన్ల మొకం పెట్టి కూసున్నవ్? ఫ్లాటా? ఏడ? అబ్బో, గంత దూరమా! తీసుకో, నేనెందుకు వద్దంట. ఛత్రినాకల పుట్టినోళ్ళంత ఛత్రినాకల్నే ఉండాల్నని ఏమన్న రాసిపెట్టి ఉన్నదా? ఏమంటున్నవ్? అక్కడ హవా ఎట్లుంటదో, లొల్లులు గిట్ల అయితయో ఏమో తెలుస్తలేదా? మరి గది ఫోన్ల చెప్తరా పిచ్చోడా? ఇల్లమ్మేటోడు ఊరిని తిడ్తడా ఎక్కడన్న? మా బాపు ఉంటె చిటికెల చెప్పెటోడు. పెంటయ్య, నీకు ముత్తాత. నువ్వు చూడలే, మీ అమ్మ కూడ సక్కగ ఎరగదు. పొట్టిగ ఉండెటోడు, బర్రె కింద కూసొని పాలు పిండినా నెత్తి మీది రుమాలు తీయకపోవు. మనిషి మాట నమ్మడు. దేవుడొచ్చి చెప్పినా ఇంకొకల్లను అడిగొస్త ఆగు అనే రకం. గా మనిషి ఒక ఊరు ఉండే ఊరా, పారిపోయే ఊరా అని కనుక్కోవాల్నంటె ఏం జేసెటోడో తెల్సా? సంబంధం అడిగెటోడు. అవు, పెండ్లి సంబంధమే. నవ్వకు. నా పేరు చెప్పుకొనే అడిగిండు. నేను ఇంట్ల పిడకలు కొట్టుకుంట కూసుంటె, నా పేరు బెజవాడ దాకా పోయొచ్చింది.

ఎందుకంటవా? అప్పుడు కాలం గట్లుండె బిడ్డా. దేశానికి స్వతంత్రం వచ్చింది, మాకు రాలే. మేము నిజాం రాజ్యంల ఉంటిమి. అటు చూస్తె రజాకార్ల కవాతులు, ఇటు చూస్తె పుకార్లు. బాపు పత్తర్‌గట్టి దుకాణాలకు పాలు పోసెటోడు గద, ఒక్కొక్క దుకాణంల ఒక్కొక్క ముచ్చట చెప్పి పంపెటోళ్ళు. ఒకడు లష్కర్ పో పెంటయ్యా, ఆడ ఇండియా ఫౌజ్ ఉన్నది, ఫికర్ లేదు అంటడు. లష్కర్ అంటె తెల్వదా, గదే మీరు సికింద్రాబాద్ అనేది. ఇంకొకడు బెజవాడ పో, సర్కార్ మారింది ఆడ అంటడు. మూడోడు, సొంతూరికి పోరాదూ అంటడు. మా అవ్వ ఎల్లమ్మ, అంటె నన్ను కన్నతల్లి, ఆమెదైతె ఇగ రోజు ఏడుపే. "గల్లీల సగం మంది పోయిండ్రు, ఉన్నదొక్క ఆడిపిల్ల, దానికేమన్న అయితె నేను బావిల దునుకుత" అని. నాకప్పటికి పద్దెనిమిది నిండినయ్. ఆ కాలంల పద్దెనిమిదేండ్లదంటె ముదిరిన బెండకాయ అనెటోళ్ళు. ఒక్కతే బిడ్డ అని బాపు నన్ను బయటికియ్యక ఆపిండు. అందుకే అవ్వకు భయం. బాపుకు లేదా భయం? ఉండె. రాత్రంత బీడీలు తాగుకుంట కూసునెటోడు. కాని బర్రెలున్నయ్. మూట నెత్తిన పెట్టుకొని పోయినట్టు బర్రెలను తోలుకొని ఊరూరు తిరగలేం గద. పోతె ఒక్కసారే పోవాలె, మంచి జాగకు పోవాలె. తప్పు జాగకు పోయినమంటె పాలు పాయె, పిల్ల పాయె. గిట్ల అనెటోడు.

మరి జాగ మంచిదో కాదో ఎవలు చెప్పాలె? ఆ దినాలల్ల కొత్త మనిషి ఊర్లెకు పోయి, మీ దిక్కు ఎట్లుంది అంటె ఎవడు నోరిప్పడు. వీడు పోలీసోడా, సంగమోడా, రజాకార్ల మనిషా అని మూతి ముడుచుకుంటరు. అదే, బిడ్డకు సంబంధం చూస్తున్నం పటేలా అని చూడు! మంచం వాలుస్తరు, చల్ల పోస్తరు, తాతల కాడికెల్లి అన్ని చెప్తరు. చెప్పిన మాటలు కూడ బాపు నమ్మకపోవు. ఒక్కటే చూసెటోడు. పిల్లను తెచ్చుకుంటమంటుండ్రా, పిల్లను పంపిస్తమంటుండ్రా? భయమున్న ఊర్ల ఎవడన్న పరాయి పిల్లను తెచ్చుకుంటడా? ఉన్న పిల్లనే ఎవలన్న తీస్కపోతె బాగుండు అనుకుంటడు. అదీ ఆయన తరాజు. దానికి మా అవ్వ, "నీ తెలివికి తెల్లారదు, కన్నబిడ్డ పేరు బజార్ల పెడ్తవా" అని తిట్టింది. తిడ్తెనేమాయె, పోయిండు.

మొదలు భువనగిరి అవతల మా సొంతూరు పోయిండు. ఆడ ఒక పెద్దమనిషింటికి పోయి మాట కదిలిస్తె, ఆయన నా గురించి ఒక్క మాటన్న అడగలేదట. పిల్ల ఎట్లుంటది, పని చేస్తదా, ఏం లేదు. "నీకు కొడుకులు లేరా పెంటయ్యా? ఉంటె నా బిడ్డలిద్దరిని తీస్కపో, కట్నకానుకలు నీ ఇష్టం, ఇయ్యాల్నే తీస్కపో" అని చెయ్యి పట్టుకున్నడట. పగలు రజాకార్లు వస్తరు, రాత్రి సంగమోళ్ళు వస్తరు, ఎవలకు అన్నం పెట్టినా తప్పే అని ఏడ్సిండట. బాపు వాళ్ళు పెట్టిన బువ్వ సగంల ఇడిసి లేసొచ్చిండు. ఇంటికొచ్చి చెంబుడు నీళ్ళు తాగి, "ఆ ఊరు కాదు" అన్నడు. గంతే.

అటెన్క బెజవాడ. రైలెక్కి పోయిండు. ఆడ మంచిగనే ఉన్నదట, మనుషులు నవ్వుకుంట తిరుగుతుండ్రట. ఎవలో చెప్తె ఒక పాడిగల్లోళ్ళ ఇంటికి పోయిండు. ఆడొక ముసలామె, కండ్లు సూదుల లెక్కున్నయంట, బాపును కింద మీద చూసి ఏమన్నదో చెప్పాల్నా? "ఏమయ్యా, నువ్వు అల్లుడి కోసం వచ్చావా, అద్దెకొంప కోసం వచ్చావా? మొన్న నలుగురొచ్చారు, నిన్న ఇద్దరొచ్చారు. మీ నైజాంలో ఆడపిల్లలందరూ ఒక్కసారే పెళ్ళికెదిగారా ఏవిటి?" అన్నదట! బాపు ఒక్కడే ఉషారనుకున్నడు పాపం. నైజాంలున్న అందరి బుర్రల ఇదే ఉపాయం పుట్టింది. గా ముసలమ్మ మాట చెప్పి చెప్పి బాపు సచ్చేదాక నవ్విండు. గని ఆమె మంచిదే, మజ్జిగ పోసి, "ఊరు మంచిదే నాయనా, కానీ ఇక్కడ నిలబడ్డానికి చోటు లేదు, ఉన్న బర్రెల్నీ అమ్ముకోవాలి" అని నిజం చెప్పింది. బర్రెలమ్మి ఏం చెయ్యాలె, రైళ్ళను పిండాల్నా?

ఇగ మిగిలింది లష్కర్. ఆడ బారకాసుల దగ్గర నర్సింహ అని ఉండె, ఫౌజోళ్ళకు పాలు పోసెటోడు. మస్తు బేరం. బాపు మాట తీస్తె ఎగిరి గంతేసినట్టు, "పిల్లను తెచ్చుకుంటం, మాకేం తక్కువ, మా కొడుకు కొండల్‌కు మీ బిడ్డ ఆండాలే కావాలె" అన్నడు. ఇంకేంది? తరాజు తూగింది. బాపు కిరాయిల్లు కూడ చూసి వచ్చిండు. బర్రెలకు కొట్టం ఏడ వెయ్యాల్నో కూడ అనుకున్నడు. అవ్వ గిన్నెలు సదురుడు షురూ చేసింది. నేను మా గల్లీల అందరికి చెప్పుకుంట ఏడ్సిన. పక్కింటి మహబూబ్ బీని పట్టుకొనైతె మస్తు ఏడ్సిన. మహబూబ్ బీ అంటె మా ఇంటికి ఆమె ఇంటికి గోడొక్కటే. మొగడు సచ్చిపోయిండు, ఖదీజా అని నా ఈడు బిడ్డ ఉండె. మా అవ్వకు పాలు రాకపోతె నేను ఆమె పాలు తాగి బతికిన. తెలుగు మాకంటె సాఫ్ మాట్లాడేది. ఆమె బాపును గోడ మీదికెల్లి పిలిసి, "పెంటయ్య భాయ్, ఊరూర సంబంధాలు అడిగినవ్ గద, మన గల్లీల అడిగినవా?" అన్నది. బాపు, "ఈడ ఎవలున్నరమ్మా" అని అవుతలికి పోయిండు. ఇనలే.

గంతలనే ఏమాయె? చలి పోయే దినాలల్ల, ఇండియా ఫౌజు లష్కర్ ఇడిసిపెట్టి పోయింది. ఏదో రాజీ అయిందట ఢిల్లీకి, నిజాంకు. ఫౌజు పోతె నర్సింహ పాలెవలు తాగుతరు? ఫౌజు ఉన్నదని పోయినోళ్ళ గతి ఏంది? బాపు మొకం సున్నమయింది. ఇగ ఏడికి పోవాల్నో తెలుస్తలేదు. గట్ల రెండు మూడు వారాలు తిన్నది ఒంటికి పట్టలే ఆయనకు. ఒకనాడు పొద్దుగాల మా గడప ముంగట టాంగా ఆగింది. చూస్తె నర్సింహ! పెండ్లాం, ఇద్దరు ముత్తైదువలు, పూలు, పండ్లు, చీర, కొబ్బరికాయ. ఎనక చేతులు కట్టుకొని ఒక పిల్లగాడు. అగో, గాయ్‌నే మీ తాత. బాపు మర్సేపోయిండు, ఆయనకు అది ఉపాయం గని వాళ్ళకు అది నిజం సంబంధం అని! అవ్వ నా దిక్కు చూస్తది, బాపు దిక్కు చూస్తది, కొంగు నోట్ల కరుసుకుంటది. నేను పేడ చేతులతోని కొట్టంల నిలబడ్డ. అప్పుడు నర్సింహ మెల్లగ, "బావా, పిల్లను మేం తీస్కపోం. మా పిల్లగాన్నే ఇల్లుటం ఉంచుకో, మీ ఇంట్లనే ఉంటడు. మా దిక్కు ఇండ్లన్నీ ఖాళీ అయితున్నయ్. మీ గల్లీల ఇప్పటిదాక ఒక్క తలుపు పగలలేదని అందరంటుండ్రు" అన్నడు.

బాపు మంచం మీద కూలబడ్డడు. పోదామని చూసిన జాగలోడు ఇటొస్తనంటుండు! తన తరాజు తన ఇంటికే వచ్చి నిలబడ్డది. ఇటు మహబూబ్ బీ గోడ మీదికెల్లి ఒక్కటే నవ్వు. ఆమె ఊకె నవ్వలే బిడ్డా, ఆమెకు హక్కున్నది. బాపు ఊర్లు తిరుగుడు షురూ చెయ్యకముందే కర్రలు పట్టుకొని కొంతమంది రజాకార్ పోరగాండ్లు గల్లీలకు వచ్చిండ్రు. ఈమె మంచం గల్లీ మొగదల ఏసుకొని పాన్ నమలుకుంట కూసున్నది. "పైలే మేరా ఘర్ హై, ఇస్కే బాద్ పెంటయ్య కా. ఆనా హై తో మేరే ఘర్ మే సే ఆవ్" అన్నది. మొదలు నా ఇల్లు, అటెన్క పెంటయ్యది, రావాల్నంటె నా ఇంట్లకెల్లి రాండ్రి అని. ముసుగన్న సర్దుకోలే. ఆ పోరగాండ్లు సలాం కొట్టి మల్లిండ్రు. బాపు అది చూసి కూడ ఊరు బయట వెతికిండు చూడు! ఆనాడు మాత్రం లేసిండు, గోడ కాడికి పోయి, "అమ్మా, అడగాల్సిన జాగల అడగలే" అన్నడు. పూలుపండ్లు తీసుకున్నం. అవ్వ సదిరిన గిన్నెలు మల్ల పొయ్యి మీదికెక్కినయ్. నాకైతే గుండెల మీదికెల్లి బండ దిగినట్టయింది. లగ్గం మాత్రం లొల్లి తగ్గినంక చేద్దామనుకున్నరు.

లొల్లి తగ్గింది. సెప్టెంబర్ల ఇండియా ఫౌజ్ వచ్చింది, నాలుగు దినాలల్ల రజాకార్లు లేరు, ఏం లేరు. అవ్వ దీపాలు పెట్టింది. కాని మాకు తగ్గిన లొల్లి గోడ అవుతల మొదలైంది. జిల్లాలల్ల ముసల్మానోళ్ళ ఇండ్ల మీద పడుతుండ్రని ఇనపడుతుండె. మహబూబ్ బీ మంచం గల్లీల ఎయ్యుడు బందు చేసింది. కరాచీల ఎవలో చుట్టమున్నడట, ఆడికి పోతనని మూటలు కట్టింది. బాపును పిలిసి, "పెంటయ్య భాయ్, ఇగ నాకు తూచి పెట్టు. నా బిడ్డను ఈడ ఉంచాల్నా, తీస్కపోవాల్నా?" అన్నది. బాపు ఏం గాదు ఉండు అంటె అది మాటే గద. మాట నమ్మద్దని ఊరంతటికి చెప్పినోడాయె. ఇంటికొచ్చి రుమాలు తీసి మోకాళ్ళ మీద పెట్టుకొని కూసున్నడు. నేను ఆయన బట్టతల అప్పుడే చూసిన. గదే యాళ్లకు నర్సింహ వచ్చిండు. కుశాల్ మీద ఉన్నడు. "బావా, ఫౌజ్ మల్ల లష్కర్ల దిగింది, మా దిక్కు బంగారమయింది. లగ్గం ఆడనే చేద్దాం, మీరు బర్రెలతోని ఆడికే వచ్చెయ్యుండ్రి, ఈ పాత ఊర్ల ఏమున్నదిగ" అన్నడు. అవ్వ కండ్లు మెరిసినయ్. బాపు నెత్తికి రుమాలు సుట్టుకున్నడు. "ఇల్లుటం అన్నవ్, ఇల్లుటమే. లగ్గం ఈడ. పందిరి మహబూబ్ బీ గుమ్మం కాన్నుంచి నా గుమ్మం దాక. ఇష్టముంటె చెయ్యి, లేకపోతె లేదు" అన్నడు. నా పానం పోయినంత పనైంది. గప్పటికి మీ తాత నాకు నచ్చిండు మరి. నర్సింహ గుర్రుమన్నడు, గని పిల్లగాడు, గా కొండలే, "నాయినా, నేను ఈడికే వస్త" అన్నడు. మీ తాత బతుకు మొత్తంల పెద్దల ముంగట ఎదురు మాట్లాడింది గదొక్కసారే.

లగ్గమంటె వంట. వంటంటె మహబూబ్ బీ రాగి దేగ్, గంగాళమంత గిన్నె. గల్లీల ఎవలింట్ల దావత్ అయినా గదే దేగ్. అవ్వ పోయి, "అక్కా, దేగ్ గావాలె" అన్నది. అది ఆ మూటల్ల అన్నిటికంటె అడుగున ఉన్నది, పైన బట్టలు, పరుపులు, నారతాడుతోని బిగించి కట్టి ఉన్నది. మహబూబ్ బీ అడిగింది, "పందిరి ఏడేస్తుండ్రు?" అవ్వ చెప్పింది. "అల్లుడు?" "ఈడికే వస్తుండక్కా, ఈడనే ఉంటడు." నేను గుమ్మంల నిలబడి చూస్తున్న. ఖదీజా చూస్తున్నది. మహబూబ్ బీ కింద కూసొని, ఆ తాడు ముడి పండ్లతోని ఇప్పింది బిడ్డా. గోర్లతోని రాలే, గంత గట్టిగ కట్టింది. దేగ్ బయటికొచ్చింది, పరుపులు మల్ల మంచం మీద పడ్డయ్. మల్ల ఎన్నడు మూట కట్టలే ఆమె. పందిరి గుంజలకు తాడు తక్కువ పడ్డదని బాపు వస్తె, అదే తాడు ఇచ్చింది. నా లగ్గం పందిరి ఆ తాడుతోనే నిలబడ్డది...

లే, లే, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన, పొంగినట్టున్నయ్ చూడు.