లాటిన్‌లో వచ్చిన ఓదార్పు

"ఇజబో! ఆ పుస్తకాల కట్ట అయ్యగారి బల్ల మీద పడేసి నువ్వు కిందికి పో. తలుపు వేసి వెళ్ళు."

ఏమండీ, లేవకండి. కూర్చోండి. బోర్డో పట్నంలో అచ్చయి వచ్చింది మీ ఉత్తరం. క్రిస్మస్ ముందు బిడ్డ పోయినప్పుడు నాకు రాశారే, అదే! మొదటి పేజీలో ఎవరండీ ఈ మాతురీనుస్? మీ అమ్మ పెట్టిన మాతురిన్ చాల్లేదా, రోమన్ తోక తగిలించుకున్నారు?

ముసిముసిగా నవ్వకండి. నాకు లాటిన్ రాదని మీకు తెలియదూ? ప్రార్థనలు వల్లించడం తప్ప ఒక్క ముక్క రాదు. పెళ్ళాన్ని ఓదార్చడానికి, పెళ్ళానికి రాని భాషలో పదకొండు పేజీలు! ఆహా, ఏం తెలివండీ!

కోర్టు పని వదిలి ఇంటికి రాలేకపోయారు, సరే. ఉత్తరమైనా వచ్చింది కదా అని గుండెకి హత్తుకుని, వానలో ఫాదరుగారి దగ్గరికి పరిగెత్తాను, చదివి చెప్పమని. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మొదలెట్టారు. ఎవరో రోమ్ ఇల్లాలట, ఇద్దరు కొడుకులు ఒకే వారంలో పోతే తల దించలేదట. ఎవరో సేనాపతట, కొడుకు చావు కబురు విని కూడా చేస్తున్న పూజ ఆపలేదట. ఎప్పుడో పదిహేను వందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళంతా వరసగా వచ్చారు. మన పెర్నెట్ మాత్రం రాలేదు. పిల్ల పేరు ఒక్కచోటైనా ఉందా? ఏదీ, చూపించండి!

మీ స్నేహితులేమో మెచ్చుకోళ్ళ మీద మెచ్చుకోళ్ళు. ఎంత నిబ్బరం, అచ్చం పాత రోమ్ మనిషే అని. నిబ్బరమట! పుట్టిన పదో రోజున పాలిచ్చే దాది ఇంటికి, పల్లెకి పంపేసిన పిల్ల. ఏడాదిలో మీరు చూసిందెన్నిసార్లు? ఒక్కసారి. మరి దుఃఖం ఎక్కడుందని, దాన్ని గెలవడానికి?

అలా చూడకండి. నువ్వెన్నిసార్లు చూశావని కదూ, ఆ చూపు?

నేనా... రెండుసార్లు.

దారి బురదగా ఉందన్నాను. జలుబు చేసిందన్నాను. అందరి పిల్లలూ దాదుల దగ్గరే కదా పెరుగుతున్నారు అన్నాను.

అడగండి మరి, ఏడ్చావా అని. ఏడ్చాను. ఫాదరుగారి చెయ్యి పట్టుకుని మళ్ళీ చదవమన్నాను, మూడుసార్లు. రెండు పాడెల మధ్య ఆ ఇల్లాలు ఒక్కతే నిలబడ్డ చోట వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ కొడుకుల కళ్ళు ఏ రంగో కూడా చెప్పగలనండీ, అంతగా కనిపించారు.

పెర్నెట్ కోసం ఒక్క చుక్క రాలేదు. ఎంత తలుచుకున్నా దాని మొహం నాకు గుర్తు రాలేదండీ.