సహాయకుడికి పేరుండదు

1968. తార్నాక పక్కన యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో ఒక పరిశోధక విద్యార్థి భోంచేస్తున్నాడు. మూడేళ్లుగా అతనికి వడ్డిస్తున్న వంటమనిషి పక్కనే నిలబడ్డాడు.

“మీ పరిశోధన అయిపోయిందా సారూ?”

“అయిపోయిందయ్యా. ఏ దేశం కథలోనైనా మనుషులు ఎనిమిది రకాలే. నాయకుడు, ప్రతినాయకుడు, సహాయకుడు... ఇలా.”

“గా ఎనిమిది రకాలల్ల నేను ఏ రకం?”

“సహాయకుడివి. నాయకుడికి ఆకలేసినప్పుడు అన్నం పెట్టేవాడు.”

“మంచిగున్నది. ఆయనకు పేరేముంటది?”

“పేరుండదు. కథకి అక్కర్లేదు.”

“మూడేండ్లు చదివి గిదే కనుక్కున్నరా?”

“నాలుగు వందల కథలు చదివి కనుక్కున్నా. ఇంకాస్త పప్పు వెయ్యవయ్యా.”

“గీడ వడ్డించేటోళ్లం ముగ్గురం ఉన్నం సారూ. పేరు పెట్టి పిలువుండ్రి, వస్త.”

పరిశోధకుడు పప్పు సంగతి వదిలేసి, మజ్జిగ గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు.